ఒక సవరణ కోసం అలబామాకు

వర్జీనియాలోని మా హెర్న్‌డన్ నుంచి అలబామా వెళ్ళాలంటే విమానమే సుఖం. నేను మాత్రం రైల్లో వెళ్ళాను. విమానంలో వెళితే మధ్యాహ్నానికల్లా చేరిపోతాను. అక్కడికి చేరాక ఏం మాట్లాడాలో ఆలోచించుకోవడానికి నాకు అంత తక్కువ సమయం చాలదనిపించింది. 1984 అక్టోబరులో చేసిన ప్రయాణమిది. ఆ దారిన వెళ్ళే మనవాళ్ళకి పనికొస్తాయని రైలు, బస్సు, బస వివరాలు కూడా రాస్తున్నాను. అయితే ముందు ఎందుకు వెళ్ళవలసి వచ్చిందో చెప్పాలి.

వారమంతా నాది కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే ఉద్యోగం. శనివారం మధ్యాహ్నం మాత్రం దగ్గర్లోని ఒక కాలేజీ రేడియో స్టేషన్లో గంటసేపు పాటలు వేసేవాణ్ణి. జీతం లేదు, సరదా పని. నల్లజాతివారి చర్చి పాట వీధిలోకి వచ్చి ప్రేమపాటగా మారితే దాన్ని ఇక్కడ సోల్ సంగీతం అంటారు. ఈ పాటలకి ఒక దురదృష్టం ఉంది. ఏదో చిన్న ఊళ్ళో ఒకరు ముందు పాడతారు. కొన్నాళ్ళకి పేరున్నవారు అదే పాటను మళ్ళీ పాడతారు. దేశమంతా ఆ రెండోదే వింటుంది, అదే అసలు పాట అనుకుంటుంది. నా కార్యక్రమం పుట్టిందే ఆ మొదటి రికార్డుల కోసం. రెండింటినీ పక్కపక్కన వేసి, ఏది ముందో, ఏది వెనకో తీర్పు చెప్పేవాణ్ణి. ఇండియా నుంచి వచ్చిన ఇంజినీరు మా పాటల గురించి ఇంత చెబుతున్నాడే అని శ్రోతలు ఫోన్ చేసి మెచ్చుకునేవారు. ఆ మెప్పు నాకు బాగా ఎక్కింది.

ఆ ఏడాది జులైలో ఒక పాత రికార్డు దొరికింది. గుమ్మంలో దీపం పెట్టి ఎవరి కోసమో ఎదురుచూసే ఆడమనిషి పాట. పాడినామె పేరు లూయెల్లా. ఒక ప్రఖ్యాత గాయకుడి గొంతులో ఆ పాట తెలియనివారు అమెరికాలో లేరు. ఆమెది ఎవరికీ తెలియదు. రికార్డు మీద ముద్రించిన ఏడాదిని బట్టి ఆమె ఆయన తర్వాత పాడిందనుకున్నాను. ఆయన పాట పేరుపొందాక కంపెనీ ఆమె పాత రికార్డునే మళ్ళీ అచ్చు వేసిందని నాకు తట్టలేదు. పైగా ఆ రికార్డులో ప్రతి పంక్తికీ ముందు ఒక మగగొంతు అదే పంక్తిని మామూలు మాటలా గబగబా చెబుతుంది. అప్పుడు ఆమె పాడుతుంది. అది విని నేను రేడియోలో నవ్వాను. "ఇది నకలు అనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? నాటకంలో తెర వెనక నుంచి ప్రాంప్టర్ అందించినట్లు ఎవరో మాటలు అందిస్తున్నారు. సొంత పాట పాడేవాళ్ళకి ప్రాంప్టర్ ఎందుకండీ?" అన్నాను. 

అక్టోబరు మొదట్లో ఇంటికి ఫోన్ వచ్చింది. 

"శనివారం పాటలు వేసేది మీరేనా? నా పేరు వెరా. వాషింగ్టన్లో నర్సుని. లూయెల్లా మా అమ్మ."

సంతోషంగా ఏదో అనబోయాను. ఆమె మాట్లాడనివ్వలేదు.

"మా అమ్మ పాట వేస్తానని మీరు మొదట్లో చెప్పగానే టేప్ రికార్డర్ ఆన్ చేసి డ్యూటీకి పోయాను. వినకుండానే ఆ క్యాసెట్ ఊరికి పట్టుకెళ్ళాను. ఆదివారం ఆరాధన అయ్యాక గుడి హాల్లో భోజనాలు పెడతారు. అక్కడ అందరి ముందూ పెట్టాను. మీరు మాట్లాడటం మొదలుపెట్టాక ఒక్కరూ ముద్ద నమల్లేదు. ఆ వెనక గొంతు మా మామయ్యదండీ. డీకన్ ఎమెట్, మా సంఘ పెద్ద. మా గుడిలో పాట అలాగే పాడతారు. ఆయన చరణం చెబితే జనం పాడతారు. స్టూడియోలో కూడా అమ్మ తనకి అలాగే కావాలని పట్టుబట్టింది. అదీ ఆ పేరున్న గాయకుడు పాడటానికి రెండేళ్ళ ముందు."

నా సంగతి ఆమెకు తెలియదు. నేను ఒంగోలు దగ్గర ఒక పల్లెలో, బాప్టిస్టు సంఘంలో పుట్టిపెరిగాను. మా గుడిలో చదువు వచ్చినవారు తక్కువ. మా మేనత్త లేయమ్మ ముందు నిలబడి కీర్తనలో ఒక్కో పంక్తి చెప్పేది, వెనక ఊరంతా పాడేది. పదిహేనేళ్ళు అలాగే పాడాను. ఈ దేశంలో ఆ రికార్డు విని ప్రాంప్టర్ అని నవ్వడానికి ఎవరికైనా హక్కుంటే ఉండవచ్చు, నాకు మాత్రం లేదు. వెనక గిటారూ డ్రమ్మూ మోగేసరికి మా అత్తను గుర్తుపట్టలేకపోయాను.

"మామయ్య ఆ రోజు నుంచి గుడిలో పాట ఎత్తడం లేదు," అంది వెరా. "ఎవరడిగినా తల అడ్డంగా ఊపుతాడు. ఆ విద్య తెలిసినవాళ్ళు మాకు ఇంకెవరూ లేరు."

ఆ శనివారం రేడియోలో సవరణ చెప్పాను. సోమవారం ఆమే ఫోన్ చేసింది.

"విన్నాను, బాగుంది. కానీ మీ స్టేషన్ పాతిక మైళ్ళు దాటదు. మీ సవరణ విన్నది నేనూ, నా పిల్లీ."

"క్యాసెట్ చేసి పంపనా?"

"ఇంకో క్యాసెట్టా! మామయ్య ఇప్పుడు క్యాసెట్ కంటబడితే గదిలోంచి లేచిపోతున్నాడు. మనిషి రావాలి. ఈ నెల రెండో ఆదివారం అలబామాలోని మా ఊరు హార్ట్స్‌వెల్ వెళ్ళండి, ఆ రోజే అందరూ వస్తారు. వస్తున్నానని మాత్రం ముందు చెప్పకండి. చెబితే ఆయన ఊళ్ళో ఉండడు."

శుక్రవారం సాయంత్రం మా ఆవిడ సుగుణ నన్ను వాషింగ్టన్ స్టేషన్‌కి కారులో తీసుకెళ్ళింది. వెనక సీట్లో మా అమ్మాయి రీటా.

"ఆఫీస్‌లో ఏమని చెప్పారు?" అంది సుగుణ.

"పర్సనల్ వర్క్ అన్నాను."

"ఆ డీకన్ గారు తిడితే పడండి. మీరు ఎదురు ఎక్స్‌ప్లెయిన్ చేయడం మొదలుపెట్టకండి. మీకు అదొక జబ్బు."

"నాన్నా, జస్ట్ సారీ చెప్పు," అంది రీటా. "వై ఈజ్ దిస్ సో హార్డ్?"

స్టేషన్ రానే వచ్చింది. పులిహోర డబ్బా ఇచ్చి ఇద్దరూ వెళ్ళిపోయారు.

రైలు ఏడుగంటలకి బయల్దేరింది. ఈ బండి వాషింగ్టన్ నుంచి దక్షిణానికి పోతుంది. తెల్లవారాక అట్లాంటా, మధ్యాహ్నానికి బర్మింగ్‌హామ్. పడుకునే గది ధర ఎక్కువ. మామూలు కుర్చీ బోగీలో సీట్లు వెనక్కి బాగా వాలతాయి, కాళ్ళు చాపుకోవచ్చు. ఏసీ చలి మాత్రం దారుణం, దుప్పటి తప్పకుండా పట్టుకెళ్ళాలి. సీటు మీద మనం దిగే ఊరి చీటీ అంటిస్తారు, నిద్రపోయినా కండక్టర్ వచ్చి లేపుతాడు.

పక్క సీట్లో పాతికేళ్ళ సైనికుడు కూర్చున్నాడు. క్యాసెట్ ప్లేయర్ చెవులకి తగిలించుకుని ఏదో కూనిరాగం తీస్తున్నాడు. నాలుగు స్వరాలు వినగానే గుర్తుపట్టాను. అదే పాట, ఆ ప్రఖ్యాత గాయకుడిది.

"ఈ పాట ఎవరిదో తెలుసా?" అని అడిగాను.

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "మీరు ఈ దేశానికి కొత్తా, సార్?"

"ఆయనకన్నా ముందు ఒకావిడ పాడింది."

"అలాగా," అన్నాడు మర్యాదగా, మళ్ళీ హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. ఒక్క నిమిషం తర్వాత తీసి, "ఆవిడ బాగా పాడిందా?" అన్నాడు. బాగా పాడిందన్నాను. "మరి మాకెందుకు తెలీదు?" అన్నాడు. అందులో నా వంతు తప్పు ఉందని నాకు తెలుసు.

పొద్దున భోజనాల పెట్టెలో ఎవరి టేబుల్ దగ్గర ఖాళీ ఉంటే వాళ్ళ దగ్గర కూర్చోబెడతారు. కోడిగుడ్లు, గ్రిట్స్ అనే మొక్కజొన్న జావ ఇచ్చారు. వెన్న, మిరియాలు వేసుకుంటే మన జొన్నజావను మరిపిస్తుంది. ఎదురుగా ఒక ముసలాయన, రిటైరైన బార్బరు, అనిస్టన్ వెళుతున్నాడు.

"ఎవరింటికి?" అన్నాడు.

"నన్ను చూడటం ఇష్టంలేని మనిషింటికి."

"అయితే ఆ రెండో గుడ్డు కూడా తినెయ్. అక్కడ ఏమీ పెట్టరు."

బర్మింగ్‌హామ్‌లో గడియారాన్ని గంట వెనక్కి తిప్పుకోవాలి. స్టేషన్ నుంచి బస్సుల చోటుకి నడిచి పోవచ్చు. సెల్మా వైపు పోయే బస్సు రెండున్నరకి. మధ్యలో హార్ట్స్‌వెల్ అని అడిగితే డ్రైవరు, "అక్కడ దిగేవాళ్ళు ఉండరు, ఎక్కేవాళ్ళే ఉంటారు," అన్నాడు. బస్సు సగం ఖాళీ. రోడ్డుకి రెండువైపులా పత్తి చేలు, కాయలు పగిలి తెల్లగా ఉన్నాయి. గుంటూరు జిల్లా మీదుగా పోతున్నట్లుంది, మట్టి మాత్రం ఎర్రగా ఉంది. ఆ పోలిక నాకేమీ ధైర్యం ఇవ్వలేదు. చెప్పవలసిన మాటలు లోపల కూర్చుకుంటూ ఉన్నాను. ప్రతి మైలుకీ అవి మరింత అబద్ధంగా వినిపిస్తున్నాయి.

హార్ట్స్‌వెల్‌లో ఒక పెట్రోలు బంకు ముందు దింపాడు. బంకు ముందు కూర్చున్న ముగ్గురు మనుషులు మాటలు ఆపేసి నన్నే చూశారు. ఊరికి ఒక్కటే మోటెల్. కౌంటర్ వెనక పటేల్ అనే గుజరాతీ ఆయన.

"ఇండియన్?" అన్నాడు హిందీలో. "మోటెల్ అమ్ముతున్నానని ఎవరు చెప్పారు నీకు?"

"కొనడానికి రాలేదు. ఒక మనిషికి క్షమాపణ చెప్పడానికి వచ్చాను."

"ఎవరికి?"

"డీకన్ ఎమెట్‌కి."

పటేల్ తాళంచెవి చేతిలోనే పట్టుకున్నాడు. "మాస్టర్‌కా? మా పెద్దాడికి హైస్కూల్లో లెక్కలు చెప్పింది ఆయనే. భాయ్, ఆయన సున్నా వేస్తే సున్నాయే. రెండోసారి దిద్దడు."

గది శుభ్రంగానే ఉంది. మొహం కడుక్కుని అయిదింటికి బయల్దేరాను. పటేల్ చూపిన దారిలో, రోడ్డు చివర, ముందు వసారా ఉన్న తెల్లటి ఇల్లు. వసారాలో ఊగే కుర్చీలో పొడుగాటి మనిషి, డెబ్భైకి దగ్గర్లో, కళ్ళజోడు సరిచేసుకుంటూ పేపరు చదువుతున్నాడు.

"నమస్కారం, సార్. నేను వాషింగ్టన్ వైపు నుంచి..."

పేపరు దించలేదు. "పరిచయం అక్కర్లేదు. గొంతు విన్నాను."

మెట్టు మీద ఆగిపోయాను. ఆయన పేపరు నాలుగు మడతలు పెట్టి ఒళ్ళో పెట్టుకుని అప్పుడు చూశాడు.

"రేడియోలో ఇంకా పెద్దమనిషిలా వినిపించావు," అన్నాడు. "ముప్పై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పాను. మాట అందించవలసిన విద్యార్థి ఎలా ఉంటాడో నాకు తెలుసు. మా చెల్లెలు అలాంటిది కాదు."

"తెలుసు సార్. తప్పు నాది. మా ఊళ్ళో కూడా..."

"మీ ఊరి సంగతి నేనడిగానా?"

ఎక్స్‌ప్లెయిన్ చేయవద్దని సుగుణ అన్నది గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. లోపల నుంచి జాలీ తలుపు తోసుకుని ఆమె వచ్చింది. లూయెల్లా. పొట్టిగా, గుండ్రంగా ఉంది. చేతులు ఏప్రాన్‌కి తుడుచుకుంటూ నన్ను చూసి, ఎవరో అర్థం చేసుకుంది. 

"ఎమెట్, గుమ్మంలోకి వచ్చిన మనిషికి మంచినీళ్ళైనా ఇవ్వవా?"

"నీళ్ళివ్వు," అన్నాడాయన. "కుర్చీ మాత్రం వెయ్యకు."

అలాగే నిలబడి నీళ్ళు తాగాను. గ్లాసు ఖాళీ చేసి లూయెల్లాకి అందించాను. తర్వాత ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. లోపల గడియ వేసిన శబ్దం వినిపించింది.

లూయెల్లా నాతో రోడ్డు దాకా నడిచింది. 

"నన్ను నకలు అన్నందుకు వచ్చావా, వాణ్ణి ప్రాంప్టర్ అన్నందుకు వచ్చావా?"

"రెండింటికీ, అమ్మా."

"నా సంగతి పక్కనపెట్టు. ఆ పెద్దాయన మా పాట విన్నాడు, బాగా పాడాడు. ఆయన పాటే అని జనమంటే నాకు అలవాటైపోయింది. వాడికి మాత్రం ఇది కొత్త. ఈ ఊళ్ళో వాణ్ణి చూసి ఎవరూ ఎప్పుడూ నవ్వలేదు." ఆగి, ఇంటివైపు చూసింది. "ఇక్కడ వసారాలో చెబితే లాభం లేదు. హాల్లో అరవైమంది విన్నారు. వాళ్ళకి చెప్పాలి. రేపు పదకొండింటికి రా. కోటు వేసుకురా."

"ఆయన వస్తారా?"

"వస్తాడు. నోరు విప్పడు, అంతే."

రాత్రి పటేల్ ఇంట్లో రొట్టెలు, బంగాళాదుంప కూర పెట్టారు. సరిగా తినలేకపోయాను, నిద్రా పట్టలేదు.

ఆదివారం పది దాటగానే నడుచుకుంటూ గుడికి వెళ్ళాను. చిన్న చెక్క గుడి, తెల్లరంగు. ఆడవాళ్ళందరి తలల మీదా టోపీలు, చేతుల్లో అట్ట విసనకర్రలు. నేను లోపలికి అడుగుపెట్టగానే ఆ విసనకర్రలు ఒక్కసారి ఆగి మళ్ళీ కదిలాయి. వెనక నుంచి మూడో బల్ల మీద కూర్చున్నాను. డీకన్ల బల్ల ముందు వరసలో ఉంది. ఎమెట్ వీపు కనిపిస్తోంది.

ఆరాధన మొదలయ్యాక ఒక యువకుడు పుస్తకం చూసి పాట పాడించాడు, మైకు పెట్టుకుని, పియానోతో. జనం పాడారు. బాగానే పాడారు. కానీ పాట ఎత్తే సమయం వచ్చినప్పుడల్లా ముందు ఎమెట్ వైపు చూసి, తర్వాత పుస్తకం తెరుస్తున్నారు. ఆయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

ఇలాంటి గుళ్ళలో ఒక ఆచారం ఉంది, వెళ్ళేవారు సిద్ధంగా ఉండాలి. కొత్తగా వచ్చినవారిని లేచి నిలబడి పేరు, ఊరు, తమ సంఘం చెప్పమంటారు. పాస్టర్ గారు పిలిచారు. లేచాను. 

"నా పేరు సుందరరావు. మాది ఇండియాలో ఒంగోలు దగ్గర బాప్టిస్టు సంఘం."

"ఆమెన్," అన్నారు చాలామంది. ఒకావిడ నవ్వింది.

"ఉండేది వర్జీనియాలో. మీ భోజనాల హాల్లో మీరు విన్న క్యాసెట్లో మాట్లాడింది నేనే."

ఆమెన్ రాలేదు. ఎవరూ దగ్గనైనా లేదు. మన సభల్లో నిశ్శబ్దం అంటే వింటున్నారని అర్థం. అక్కడ అలా కాదు. మాట్లాడేవాడితో పాటు మాట్లాడే జనం వాళ్ళు. వాళ్ళు నోరు మూశారంటే మనిషిని ఒంటరిగా వదిలేశారన్నమాట. 

అయినా చెప్పాను. పాట ముందు పాడింది లూయెల్లాయేనని, నేను తారుమారుగా చెప్పానని. వెనక గొంతు ప్రాంప్టర్‌ది కాదని, డీకన్ చరణం చెబుతున్నాడని, మా సొంత గుడిలో మా మేనత్త అలాగే చెప్పేదని, అది తెలిసి ఉండీ నవ్వానని. "తెలియక నవ్వి ఉంటే ఇంత దూరం వచ్చేవాణ్ణి కాదు," అన్నాను. ఇంకేమీ మిగల్లేదు. కూర్చోవాలో నిలబడాలో తెలియలేదు. పాస్టర్ గారు ముందు బల్ల వైపు చూశారు.

ఎమెట్ వెనక్కి తిరగలేదు. "మీ అత్త చెప్పేదన్నావు. నువ్వెప్పుడైనా చెప్పావా?"

"లేదు సార్. వెనక పాడేవాణ్ణి."

"ఇప్పుడు చెప్పు."

"తెలుగులో తప్ప నాకు..."

"ఏదైతేనేం. చెప్పు."

మా కీర్తనల పుస్తకంలో ఇంగ్లీషు పాటలకి తెలుగు చేసినవి చాలా ఉన్నాయి, రాగం అదే. అలాంటిదొకటి ఎత్తుకున్నాను. మొదటి పంక్తి చెప్పి, భయంతో వెంటనే నేనే పాడేశాను. రెండోదీ అంతే. జనం నన్ను చూస్తున్నారు. విసనకర్రలు ఆగిపోయాయి. మూడో పంక్తి సగంలో ఎమెట్ చేయి పైకి లేచింది.

"ఆపు."

ఆపాను.

"చెప్పి నువ్వే పాడేస్తే వీళ్ళెందుకు వచ్చారు? చెప్పడమే నీ పని. చెప్పి తప్పుకో. వాళ్ళకి చోటివ్వు. మళ్ళీ."

మళ్ళీ మొదటి పంక్తి. ఈసారి చెప్పి నోరు మూసుకున్నాను. ఆ ఖాళీ భరించడం ఎంత కష్టమో చెప్పలేను. ఎవరూ అందుకోకపోతే? నేను పాడేయనా? పెదవులు బిగబట్టాను. అప్పుడు ముందు వరసలో లూయెల్లా గొంతు లేచింది. మాటలు లేవు, రాగమొక్కటే. రాగం గుర్తుపట్టింది. ఆమె వెనక టోపీలవాళ్ళు ఒక్కొక్కరే. రెండో పంక్తి చెప్పాను, ఇంకొందరు కలిశారు. మూడో పంక్తి చెప్పడానికి నోరు తెరిచాను.

చెప్పింది నేను కాదు. ఎమెట్ లేచి నిలబడ్డాడు. ఇంగ్లీషులో, ఆ పాటకి పుట్టుక నుంచీ ఉన్న మాటల్లో, గబగబా, మామూలుగా, లెక్క చదివినట్లు పంక్తి చెప్పి ఆగాడు. ఆ ఆగినచోట గుడి అంతా పాడింది. నిదానంగా, ఒక్కో అక్షరాన్నీ సాగదీస్తూ, నేల పలకలు కంపించేలా. పియానో వాయించే అతను చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ యువకుడు మైకు ఆపేశాడు. నేను కూర్చున్నాను.

ఆరాధన అయ్యాక హాల్లో భోజనం. వేయించిన కోడి, ఆకుకూర, మొక్కజొన్న రొట్టె. ఎవరో కుర్చీ వేసి నా చేతిలో ప్లేటు పెట్టారు. ఎమెట్ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. చేయి చాపాను. చూశాడు, అందుకోలేదు.

"నిన్ను క్షమించానని ఊరెళ్ళి చెప్పకు," అన్నాడు. "నువ్వు పాటని పాడుచేస్తుంటే చూస్తూ కూర్చోలేకపోయాను, అంతే." రెండడుగులు వేసి ఆగాడు. "మీ అత్త ఉందా?"

"పోయింది సార్."

"ఆమె నీకన్నా బాగా చెప్పి ఉంటుంది."

"చాలా బాగా చెప్పేది."

తల ఊపి వెళ్ళిపోయాడు. అప్పుడు గమనించాను, నేను కుర్చీలో కూర్చునే ఉన్నాను, ఆయన నిలబడి మాట్లాడాడు.

ఆదివారం మధ్యాహ్నం హార్ట్స్‌వెల్ నుంచి బస్సు లేదు. ఎవరైనా ఈ ఊరు వెళితే సోమవారం దాకా ఉండాలి, లేదా ఎవరైనా కారులో దింపాలి. లూయెల్లా దింపుతానంది. పడవలాంటి పాత కారు. స్టీరింగ్ మీదుగా రోడ్డు కనబడాలని సీటు మీద దిండు వేసుకుంది. పత్తి చేల మధ్యకి వచ్చాక అడిగింది.

"వెరా చెప్పింది, రేడియోలో సవరించావట. ఏమని?"

కొంచెం గర్వంగానే చెప్పాను. "ఈ పాట మొదట పాడింది మీరేనని. అందరూ అసలు అనుకునేది తర్వాతదని."

"అదీ తప్పే."

"మరి మీకన్నా ముందు ఇంకెవరు పాడారు?"

"ఆ రికార్డు నీ దగ్గరుంది కదా. సూది పెట్టగానే ఎవరి గొంతు వినిపిస్తుంది?"

"మీ అన్నయ్యది."

"వాడు చెప్పకుండా అందులో నేను ఒక్క ముక్క పాడలేదు. కంపెనీవాళ్ళు రికార్డు మీద నా పేరొక్కటే వేశారు. ఆ రోజు నేను నోరెత్తలేదు, నా పేరు చూసుకుని మురిసిపోయాను. ఆ పెద్దాయన పాడినప్పుడు వాడి గొంతు అక్కర్లేదని తీసేశారు. నువ్వేమో వాడి గొంతు విని నవ్వావు. ఇప్పుడు సవరించానంటూ మళ్ళీ నన్నొక్కదాన్నే నిలబెట్టావు." అద్దంలోంచి వెనక లారీని చూసి దారిచ్చింది. "వాడికి చెప్పాల్సిన క్షమాపణలో నా వాటా కూడా ఉంది. నేను ఇరవై ఏళ్ళుగా చెప్పలేదు. నువ్వు రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చావు. కాబట్టి నీ మీద నాకు కోపం లేదు. కానీ ఈసారి సరిగ్గా చెప్పు."

బర్మింగ్‌హామ్ స్టేషన్ ముందు దించి, కాగితంలో చుట్టిన కోడిముక్కలు చేతిలో పెట్టింది. పాట ఒక్క పంక్తి పాడమని అడగాలనిపించింది. అడగలేదు. అందించే మనిషి పక్కన లేడు.

తిరుగు రైలు గంట ఆలస్యంగా వచ్చింది. ఈ బండికి అది మామూలే, వెనక బస్సులేవీ పెట్టుకోకండి. కిటికీ పక్కన సీటు దొరికింది. జార్జియా దాటేదాకా శనివారం చెప్పవలసిన మాట గురించే ఆలోచించాను. ఇన్నేళ్ళూ ఏది అసలు, ఏది నకలు అని తీర్పు చెప్పాను. ప్రతి రికార్డునీ ఒక్క మనిషిదిగా చూసి, ముందూ వెనకా పందెం పెట్టాను. అందులో ఎన్ని గొంతులున్నాయో ఒక్కసారీ లెక్కపెట్టలేదు. ఈ దేశంలో ఆ పాట కోట్లమందికి తెలుసు. అది మొదట ఎలా మొదలైందో అరవైమందికి తెలుసు, నాకూ తెలిసి ఉండవలసింది.

ఎన్నో రకాలుగా కూర్చి చూశాను. కారణాలు రాశాను, కొట్టేశాను. నా పల్లె, నా అత్త, నా పశ్చాత్తాపం, అన్నీ తీసేశాను. చివరికి ఒక్క వాక్యమే మిగిలింది. శనివారం మైకు ముందు ఆ వాక్యమే చెప్పాను. చెప్పి తప్పుకుని, రికార్డు వేశాను.

"ఈ పాట ఎమెట్, లూయెల్లాలది."